కారులో వదిలేసిన బరకం

ప్రేమజ్యోతి ఆ టార్ప్ కొనడానికి ఆరు వారాలు తీసుకుంది.

శాంటా క్లారాలో ఒక చిప్‌ల కంపెనీలో ఆమె టెస్ట్ ఇంజనీరు. ఏ వస్తువు ఎప్పుడు, ఎందుకు పాడవుతుందో ముందే కనిపెట్టడం ఆమె పని. వేటకి వెళ్లే ముందు కూడా అదే చేసింది. ఐడహో కొండల్లో కారు ఆపిన చోటి నుంచి ఐదు మైళ్లు లోపలికి నడిచి వెళ్లాక మంచు పడి, ఆ రోజుకి తిరిగి రాలేకపోతే ఎలా? గుడారం మోసుకెళ్లడం బరువు. రేకులా తళతళలాడే పల్చటి దుప్పట్లు జేబులో పడతాయి, చవక కూడా. ఒకటి తెచ్చి బాల్కనీలో గాలికి కట్టి చూస్తే గంటలోపే పీలికలైంది. చివరికి ముగ్గురికైనా సరిపోయేంత నైలాన్ టార్ప్, వానా మంచూ ఆపే పట్టా, ఒకటి కొంది, మూలలకి తాళ్లు కట్టింది. నేల చలి ఒంట్లోకి ఎక్కకుండా కింద వేసుకునే నురగ చాపలు తీసుకుంది. మెడదాకా దూరి పడుకునే సంచులు, లోపల వెండి పూత ఉన్నవి, మనిషికొకటి కొంది.

టార్ప్‌ని పరీక్షించడానికి అపార్ట్‌మెంట్‌లో చోటు లేదు. సన్నీవేల్‌లో బావగారింటి పెరట్లో రెండు చెట్ల మధ్య కట్టింది. మొగుడు లెవిని కింద కూర్చోబెట్టి, హోస్ పైపుతో గంటసేపు నీళ్లు కొట్టింది. లెవి పొడిగా బయటికొచ్చాడు.

లెవి అన్న జోసఫ్ కాఫీ కప్పుతో పెరట్లోకి వచ్చి పెద్దగా నవ్వాడు. "ఏంటమ్మా ప్రేమా, ధాన్యం తడుస్తుందని బరకం కట్టావా?"

రేపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో వడ్ల రాశుల మీద కప్పే పట్టాని బరకం అంటారు. అప్పటి నుంచి ఆయనకి అది టార్ప్ కాదు, బరకమే.

జోసఫ్‌కి నలభై ఎనిమిదేళ్లు. పెద్ద ఉద్యోగం, తెలుగు చర్చిలో సంఘ పెద్ద. తండ్రి పోయాక లెవిని చదివించి అమెరికా తీసుకొచ్చింది ఆయనే. ఆ మాట ఆయన ఎప్పుడూ అనడు. అనక్కర్లేదు, లెవి దాన్ని రోజూ గుర్తు పెట్టుకుంటాడు. అన్న కూర్చోమంటే కూర్చుంటాడు, నిలబడమంటే నిలబడతాడు.

వేట ప్రేమజ్యోతికి ఆఫీసులో అబ్బింది. ఆమె మేనేజర్ డెబ్రా ఐడహోలో పుట్టి పెరిగిన మనిషి. నాలుగేళ్ల కింద ఒకసారి సరదాగా వెంట తీసుకెళ్లింది. ప్రేమజ్యోతి ఆ నిశ్శబ్దాన్ని మరిచిపోలేకపోయింది. క్లాసుకెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంది, తుపాకి పట్టడం నేర్చుకుంది, ఏటా అక్టోబరులో డెబ్రాతో వెళ్లింది. మూడో ఏడాది లెవి కూడా క్లాసుకెళ్లాడు. 2011లో డెబ్రాకి మోకాలి ఆపరేషన్ అయింది. మొగుడూ పెళ్లాలిద్దరే వెళ్లాలనుకున్నారు.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు లెవి నసుగుతూ చెప్పాడు. "అన్నయ్య కూడా వస్తానంటున్నాడు. వేటకి కాదులే, ఫోటోలకి. కొత్త లెన్స్ కొన్నాడు."

"నువ్వేమన్నావ్?"

"సరేనన్నాను."

"నన్ను అడక్కుండానా?"

"అన్నయ్యకి నో ఎలా చెప్తాను ప్రేమా?"

 ప్రేమజ్యోతి జోసఫ్‌కి ఈమెయిల్ పంపింది. జీన్స్ వద్దు, నూలు బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, ఉన్ని బట్టలే వేసుకోండి అని రాసింది. ఆయన కోసం ఇంకో సంచి, ఇంకో చాప కొంది.

పదకొండు గంటలు డ్రైవ్ చేసి ఐడహోలో చిన్న ఊళ్లో మోటెల్‌లో దిగారు. ఆ సాయంత్రం ముగ్గురి బ్యాగులూ ప్రేమజ్యోతే సర్దింది. తుపాకి, ప్రథమ చికిత్స సామాను, నీళ్లు తనకి. తిండి, చిన్న రంపం, గొడ్డలి లెవికి. వాళ్లిద్దరి బ్యాగులూ బరువెక్కాయి కాబట్టి తేలికైన టార్ప్, మూడు చాపలు జోసఫ్ బ్యాగులో మడిచి పెట్టింది. ఎవరి సంచి వాళ్ల దగ్గరే. డెబ్రాకి ఫోన్ చేసి ఏ దారిన వెళ్తున్నారో చెప్పి, మర్నాడు రాత్రి ఎనిమిదిలోగా మెసేజ్ రాకపోతే షెరిఫ్ ఆఫీసుకి కాల్ చెయ్యమంది.

పొద్దున్నే కొండ కింద కారు ఆపారు. జోసఫ్ జీన్స్ ప్యాంటు వేసుకుని దిగాడు. ప్రేమజ్యోతి చూసింది. ఆయన ఆమె చూపు గమనించి, "నాకివే కంఫర్టబుల్ అమ్మా," అన్నాడు. ఆమె దారి మొదట్లో ఉన్న బోర్డు దగ్గరికి పేర్లు రాయడానికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ బ్యాగులు తగిలించుకుని నిలబడి ఉన్నారు. జోసఫ్ బ్యాగ్ రాత్రి ఎంత లావుందో అంతే ఉంది.

పదకొండున్నరకి జింక కనిపించింది. లోయకి అవతల, మూడు వందల గజాల దూరంలో, కొమ్ములున్న పెద్ద మగది. పక్కకి తిరిగి మేస్తోంది. ప్రేమజ్యోతి బోర్లా పడుకుని గురి పెట్టింది. గాలి లేదు, ఊపిరి నిలకడగా ఉంది. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాక, జింక వెనకాల పడమటి శిఖరం కనిపించడం లేదని గమనించింది. పది నిమిషాల కింద అది అక్కడే ఉంది. ఇప్పుడు దాని చోట బూడిదరంగు గోడ నిలబడింది.

ఆమె వేలు తీసేసింది.

"ఏమైంది? కొట్టు, కొట్టు!" అని లెవి గుసగుసలాడాడు.

"కొడితే దాన్ని కోసి ముక్కలు చెయ్యడానికి రెండు గంటలు. మోసుకుని దిగడానికి నాలుగు గంటలు. మనకంత టైం లేదు. మంచు వస్తోంది. వెనక్కి వెళ్దాం."

నాలుగేళ్లలో అంత పెద్ద జింక ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. లేచి తుపాకి ఖాళీ చేసింది. జింక తల ఎత్తి వీళ్ల వైపు చూసి, చెట్లలోకి పోయింది.

జోసఫ్ వెనక్కి తిరగలేదు. పైన గట్టు కనిపిస్తోంది, అరగంట ఎక్కితే చాలు, అక్కడి నుంచి మూడు వైపులా లోయలు కనిపిస్తాయని మోటెల్ వాళ్లు చెప్పారు. "మబ్బులొస్తున్నాయంటేనే ఫోటో బాగుంటుందమ్మా. ఇంత దూరం వచ్చి అది చూడకుండా ఎలా?"

"బావగారూ, మనకి టైం లేదండీ."

"ఒక్క అరగంట. ఏం లెవీ?"

లెవి భార్య వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. "అరగంటే కదా ప్రేమా," అన్నాడు.

అరగంట రెండు గంటలైంది. తను జింకను వదులుకుని మిగిల్చిన ఆ రెండు గంటలూ గట్టు మీద నిలబడి, జోసఫ్ లెన్సులు మార్చుకుంటుంటే ప్రేమజ్యోతి చూసింది. ఏమీ అనలేదని తర్వాత ఆమె తనని తాను కూడా తిట్టుకుంది. తుపాకి భుజాన వేసుకుని, ఎంత దూరంలో ఏముందో చెప్పగలిగిన మనిషి, కోడలిలా చేతులు కట్టుకుని నిలబడింది.

దిగడం మొదలుపెట్టిన పావుగంటకి మంచు అందుకుంది. మొదట పొడిపొడిగా, ఆ తర్వాత అడ్డంగా. పది అడుగుల ముందు నడుస్తున్న మనిషి మసకబారిపోయాడు. వాగు దగ్గర దుంగ మీద నుంచి దాటాలి. ప్రేమజ్యోతి దాటింది, లెవి దాటాడు. జోసఫ్ మధ్యలో కాలు జారి నడుం లోతు నీళ్లలో పడ్డాడు. పడేటప్పుడు రెండు చేతులూ పైకెత్తి కెమెరా పట్టుకున్నాడు. దుంగని పట్టుకోవాల్సిన చేతులవి. ప్రేమజ్యోతి నీళ్లలోకి దిగి ఆయన్ని చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాగింది. ఆమె బూట్లలో నీళ్లు నిండాయి.

"కెమెరా తడవలేదు," అన్నాడాయన.

సాయంత్రం నాలుగైంది. కారు ఇంకా మూడున్నర మైళ్లు. దారి కనిపించడం లేదు. వెలుతురుండగానే ఆగిపోవాలని ప్రేమజ్యోతి నిర్ణయించుకుంది. వాగుకి కొంచెం పైన, ఫర్ చెట్లు దట్టంగా ఉన్నచోట నడుమంత లావు మాను ఒకటి కూలి ఉంది. దాని చాటున గాలి తక్కువ.

"ఇక్కడే ఆగుదాం. బావగారూ, మీ బ్యాగ్ ఇవ్వండి. టార్ప్ కట్టాలి."

జోసఫ్ బ్యాగ్ ఇవ్వలేదు. పట్టీలు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లాక్కుని జిప్పు తీసింది. ట్రైపాడ్. పెద్ద లెన్స్, చిన్న లెన్స్. థర్మాస్. వాళ్లావిడ షెరిన్ కట్టిచ్చిన పులిహోర డబ్బా. అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది.

"టార్ప్ ఏది?"

"కార్‌లో ఉందమ్మా."

"చాపలు? మీ సంచి?"

"అన్నీ కార్‌లోనే. ట్రైపాడ్ పట్టలేదు. సాయంత్రానికి వచ్చేస్తాం కదా, ఆ బరకం ఎందుకని..." గొంతు తగ్గించి, "లెవి చూస్తూనే ఉన్నాడు. వాడేం అనలేదు," అన్నాడు.

ప్రేమజ్యోతి లెవి వైపు తిరిగింది. బావగారి ముందు మొగుణ్ణి ఎప్పుడూ 'మీరు' అనే మనిషి ఆ రోజు ఆ మర్యాద మరిచిపోయింది.

"నువ్వు చూశావా?"

"నీకు చెబుదామనే అనుకున్నాను. పొద్దున్నే గొడవెందుకని..."

"చూసి, ఐదు మైళ్లు నా వెనకాల నడిచావా? మబ్బు చూసి కూడా చెప్పలేదా? ఆ గట్టు ఎక్కుదామన్నప్పుడు కూడా?"

లెవి తల దించుకున్నాడు. ఆమె అతని చెంప పగలగొట్టాలనుకుంది. ఆ చెయ్యి నిజంగానే పైకి లేచింది కూడా. లేచిన చేత్తో అతని బ్యాగులోంచి రంపం లాగి అతని గుండెకేసి కొట్టినట్టు ఇచ్చింది. "పో. నీ చెయ్యంత లావు కొమ్మలు, పది, పన్నెండు కొయ్యి. ఆకులతో ఉన్న కొమ్మలు ఎన్ని దొరికితే అన్ని. చీకటి పడే లోపల."

జోసఫ్ మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు.

"ప్రార్థన చేస్తూ పుల్లలు విరవండి బావగారూ," అంది ప్రేమజ్యోతి. "చెట్ల కింద, మంచు పడని చోట, ఎండిన సన్నపుల్లలు. చేతులు ఆపారంటే గడ్డకట్టుకుపోతాయి."

కూలిన మానుకి ఏటవాలుగా కొమ్మలు ఆనించింది. వాటి మీద ఆకుల కొమ్మలు కింది నుంచి పైకి, తాటాకు ఇల్లు కప్పినట్టు వరసలుగా పేర్చింది. మాంసం తేవడానికి తెచ్చిన రెండు దళసరి నల్ల ప్లాస్టిక్ సంచుల్ని కోసి పైన పరిచి, దుంగలు పెట్టింది. నేల మీద మూరెడు మందాన ఆకుల కొమ్మలు వేసింది. ముగ్గురు ఇరుక్కుని కూర్చునేంత చోటు వచ్చింది. వాజలిన్ రాసిన దూది ఉండలు ఆమె జేబులో ఉన్నాయి, అవి మటుకు ఎవరికీ ఇవ్వలేదు. మూడో ఉండకి నెగడు అంటుకుంది. ఇంతా చేస్తున్నంతసేపూ నోట్లో తిట్లు ఆగలేదు. ఏలూరులో తన చిన్నప్పటి వీధిలో విన్నవి, ఇరవై ఏళ్లుగా నోటికి రానివి, ఒకటొకటే వచ్చాయి. అన్నదమ్ములిద్దరూ విన్నారు. వినాలనే ఆమె పైకి అంది.

నెగడు దగ్గర కూర్చున్నా జోసఫ్ వణుకు తగ్గలేదు. పళ్లు టకటకలాడుతున్నాయి. నడుం కిందంతా జీన్స్ అట్టలా బిగుసుకుపోయింది.

"ఆ ప్యాంటు విప్పండి."

"ఏంటి?"

"తడిబట్ట ఒంటి వేడంతా లాగేస్తుంది. నా దగ్గర పొడి ఉన్ని ప్యాంటుంది, సాగుతుంది. సాక్సులున్నాయి. విప్పండి."

"నీ ముందు... తమ్ముడి పెళ్లాం ముందు ప్యాంటు విప్పమంటావా?"

"విప్పకపోతే ఇక్కడే చస్తారు. మీ శవాన్ని మొయ్యడానికి నాకు ఓపిక లేదు."

ఆయన కదల్లేదు. ఇంకో పది నిమిషాలకి వణుకు ఆగిపోయింది. "ఇప్పుడు బాగానే ఉందమ్మా, వెచ్చగా ఉంది," అని ముద్దముద్దగా అన్నాడు.  వణుకు ఆగడం మంచిది కాదని ప్రేమజ్యోతికి తెలుసు. అన్నని పట్టుకోమని లెవికి చెప్పి, బెల్టు ఊడదీసి, జీన్స్ గుంజేసింది. తన పొడి ప్యాంటు, పొడి సాక్సులు ఆయనకి తొడిగింది. మిగిలిన రెండు వెండి సంచుల్నీ పక్కల కోసి, ఒకటి కింద, ఒకటి పైన వేసి, అన్నదమ్ములిద్దర్నీ ఒకళ్లనొకళ్లు కరుచుకుని పడుకోమంది. స్టీలు సీసాలో మంచు కరిగించి, నెగడు మీద కాచి, గుడ్డలో చుట్టి జోసఫ్ చంకలో పెట్టింది. చల్లారినప్పుడల్లా మళ్లీ కాచింది.

ఆ సంచుల చుట్టలో మూడో మనిషికి చోటు లేదు. ఆమె నెగడు దగ్గరే ఉండిపోయింది. కట్టెలు తేవడం, మంచు దులపడం, వెయ్యడం. మధ్యలో లెవి లేచి, "నువ్వు పడుకో, నేను చూస్తాను," అన్నాడు. అరగంటలో పచ్చికొమ్మలు వేసి నెగడు ఆర్పినంత పని చేశాడు. ఆమె అతన్ని మళ్లీ అన్న పక్కకి తోసింది. బూట్లలో తడి సాక్సులు మార్చడానికి ఆమెకి ఇంకో జత లేదు. అది బావగారి కాళ్లకుంది. మొదట వేళ్లు నొప్పెట్టాయి, ఆ తర్వాత మంటెత్తాయి. ఎప్పుడో నొప్పి పోయింది. నొప్పి పోయిన సంగతి కూడా ఆమె గమనించలేదు.

తెల్లారేసరికి గాలి ఆగింది, ఆకాశం తేటపడింది. జోసఫ్ లేచి కూర్చుని నీళ్లు అడిగాడు. దిగడం మొదలుపెట్టిన గంటకి ఎదురుగా నారింజరంగు కోట్లలో ఇద్దరు మనుషులు పైకి వస్తూ కనిపించారు. రాత్రి ఎనిమిదీ అయిదుకే డెబ్రా షెరిఫ్ ఆఫీసుకి కాల్ చేసిందట. వాళ్లలో ఒకాయన ప్రేమజ్యోతి నడక చూసి ఆపి, బూటు విప్పించాడు. ఎడమ కాలి చివరి రెండు వేళ్లూ కొవ్వొత్తిలా తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

ఆ వేళ్లు మెల్లగా నల్లబడ్డాయి. కండ ఎక్కడిదాకా బతుకుతుందో చూడాలని డాక్టర్లు నాలుగు వారాలు ఆగారు. నవంబరు రెండో వారంలో రెండు వేళ్లూ తీసేశారు.

ఆ నాలుగు వారాల్లో జోసఫ్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. "అంతా దేవుని చిత్తం అమ్మా," అన్నాడు. బ్యాగ్ మాట ఎత్తలేదు, సారీ అన్న మాట లేదు. ఆయన వెళ్లాక ప్రేమజ్యోతి లెవితో, "మీ అన్నయ్యని అడుగుతావా, నన్ను అడగమంటావా?" అంది.

"కాలు నయం కానీ ప్రేమా. తర్వాత మాట్లాడదాం," అన్నాడు లెవి.

థాంక్స్‌గివింగ్ ముందటి ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక. అమెరికన్ల చర్చి హాలు మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకుని నడుపుతారు. అరవై, డెబ్బై మంది వచ్చారు. ప్రేమజ్యోతి రెండు చేతికర్రల మీద వచ్చి వెనక వరసలో కూర్చుంది. పాటలయ్యాక పాస్టరు కోటేశ్వరరావుగారు, "సాక్ష్యాలు చెప్పాలనుకున్నవాళ్లు ముందుకు రండి," అన్నారు. మొదట లేచింది జోసఫ్.

బాగా మాట్లాడతాడాయన. మంచు గురించి చెప్పాడు, వాగు గురించి చెప్పాడు. మరణం తన పక్కన పడుకుందని చెప్పేసరికి ముందు వరసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. "మనుషుల ఏర్పాట్లన్నీ ఆ కొండ మీద తప్పిపోయాయి. మా మరదలు ప్రేమ హడావుడిలో టార్ప్ కార్‌లోనే మర్చిపోయింది. పాపం, చిన్నపిల్ల, భయపడిపోయింది. నేను ఆమెని ఒక్క మాట అనలేదు. అక్కడే, ఆ మంచులోనే క్షమించాను. మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశాను. కప్పు లేని చోట దేవుడే నాకు కప్పయ్యాడు."

"హల్లెలూయ," అన్నారు జనం. కొందరు వెనక్కి తిరిగి ప్రేమజ్యోతి వైపు జాలిగా చూశారు.

 ఆమె పక్కన కూర్చున్న లెవిని చూసింది. అతను తన బూట్ల వంక చూస్తున్నాడు. ఆమె ఆగింది. అతను లేస్తాడేమోనని నిజంగానే ఆగింది. జోసఫ్ మైకు ఇచ్చేసి మెట్లు దిగబోయేదాకా ఆగింది. లెవి లేవలేదు.

ఒక చేతికర్ర ఆనుకుని తనే లేచింది.

"పాస్టరుగారూ, నేను మాట్లాడాలి."

"సిస్టర్, నీరసంగా ఉన్నారు. కూడిక అయ్యాక..."

"ఇప్పుడే మాట్లాడాలి. మైకు అక్కర్లేదు." ఆమె గొంతు హాలు చివరిదాకా వినిపించింది. "టార్ప్ నేను మర్చిపోలేదు. రాత్రి నా చేతులతో సర్దాను. పొద్దున నేను పేర్లు రాయడానికి వెళ్తే, ఆయన దాన్ని తీసి కార్‌లో పడేసి, దాని చోట కెమెరా స్టాండు పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదు. ఆయన ఒంటి మీద తడిబట్ట విప్పింది నేను. ఆయన కాళ్లకున్న పొడి సాక్సులు నావి. నా కాలికి రెండు వేళ్లు లేవు. నన్ను క్షమించానంటున్నాడు. దేనికి క్షమించారు బావగారూ? మిమ్మల్ని బతికించినందుకా?"



జోసఫ్ మొహం ఎర్రబడింది. "దేవుని మందిరంలో పెద్దవాణ్ణి అవమానిస్తావా? నొప్పిలో ఏం మాట్లాడుతున్నావో నీకే తెలియడం లేదు." అని తమ్ముడి వైపు చెయ్యి చూపించాడు. "లెవీ, నువ్వక్కడే ఉన్నావు కదరా. లేచి చెప్పు."

లెవి లేచాడు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. 

"నువ్వే తీశావన్నయ్యా," అన్నాడు. "నేను చూశాను. నేను కూడా చెప్పలేదు."

 పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. సగం మందే అందుకున్నారు. జోసఫ్ పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయాడు.

పార్కింగ్ లాట్‌లో షెరిన్ పరుగెత్తుకుంటూ ప్రేమజ్యోతి దగ్గరికి వచ్చింది. నెమ్మదైన మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. కారు తలుపు పట్టుకుని నిలబడి, "నాకు కూడా నువ్వు మర్చిపోయావనే చెప్పాడు ప్రేమా," అంది. "నేను నమ్మాను. నీ మీద కోపం కూడా తెచ్చుకున్నాను. మా ఆయన్ని చంపబోయావని మా అమ్మకి ఫోన్‌లో చెప్పాను." ఆమె కారు తలుపు వదల్లేదు.  "ఇవాళ ఇంటికెళ్లాక నేను ఆయనతో మాట్లాడతాను. పంతొమ్మిదేళ్లలో మాట్లాడనివన్నీ మాట్లాడతాను."

ఏం మాట్లాడిందో ప్రేమజ్యోతి ఎప్పుడూ అడగలేదు. జోసఫ్ మాత్రం క్రిస్మస్ లోపే సంఘ పెద్ద పదవి వదిలేసి, ఫ్రీమాంట్‌లో ఇంకో చర్చికి మారాడు. షెరిన్ పిల్లల్ని తీసుకుని పాత చర్చికే వస్తూ ఉండిపోయింది. సారీ అన్న మాట జోసఫ్ నోటి నుంచి రాలేదు.

 ఆ ఆదివారం ఇంటికి చేరాక లెవి ప్రేమజ్యోతిని పట్టుకుని మెట్లు ఎక్కించి, సోఫాలో కూర్చోబెట్టి, కాలి కింద దిండు పెట్టాడు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"చెప్పాను కదా ప్రేమా. అందరి ముందూ చెప్పాను."

"ఆయన అడిగితే చెప్పావు. అన్నయ్య లేచి చెప్పమన్నాడు కాబట్టి లేచావు. నేను నీ పక్కనే కూర్చుని ఎంతసేపు ఎదురుచూశానో తెలుసా?"

అతను ఏడ్చాడు. మొగుడు ఏడవడం ఆమె రెండోసారి చూడటం. మొదటిసారి వాళ్లమ్మ పోయినప్పుడు. అప్పుడు దగ్గరికి తీసుకుంది. ఇప్పుడు చెయ్యి కదల్లేదు.

"నన్నేం చెయ్యమంటావు?"

"నాకు తెలీదు. నాకు చాలా కోపంగా ఉంది లెవీ. కొండ మీద ఉన్నప్పటికంటే ఎక్కువగా ఉంది. తగ్గించమని అడగొద్దు. ఊరుకోమని అస్సలు అడగొద్దు."

"అడగను."

అతను లేచి వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగాడు. కాసేపటికి వాళ్లన్నయ్య నుంచి ఫోన్ వచ్చింది. రెండుసార్లు మోగనిచ్చి, ఎత్తాడు. "ముందు ప్రేమకి సారీ చెప్పు అన్నయ్యా, తర్వాతే నాతో మాట్లాడు," అని, అవతలి మాట వినకుండా పెట్టేశాడు. ఈసారి ఎవరూ అడగకుండానే అన్నాడని ఆమె గమనించింది. ఆ మాట అతనితో అనలేదు. కట్టు మార్చుకునే వేళైంది. దూది, టేపు అందుకోవడానికి ముందుకి వంగింది.